రెండో వైపు గొలుసు

నా తమ్ముడు కరెంటు స్తంభం మీదే చనిపోయాడు. దర్జీల వీధి అంతా చూసింది.

ఆ వీధిలో ప్రతి మేడ మీదా సోలార్ పలకలున్నాయి. అందరికీ కలిపి ఒక బ్యాటరీ గది. కంపెనీ కరెంటు పోయినా కుట్టుమిషన్లు ఆగేవి కావు. కంపెనీకి అది గిట్టలేదు. గదికి తాళం వేసి సీలు కొట్టింది. వీధి తీగ తెంపమని తన కాంట్రాక్టరు కింద లైన్‌మన్‌గా ఉన్న తమ్ముణ్ణి పంపింది.

"లోపల స్విచ్చి వేసే ఉంది. తాళం తియ్యండి, ఆపేస్తాం!" ఆడవాళ్లు అరిచారు.

"తీగకి రెండు వైపులా గొలుసు వేసి భూమికి కలపాలి సార్. ఇప్పుడు కరెంటు బ్యాటరీ గది వైపునుంచీ వస్తోంది," అన్నాడు తమ్ముడు. కంపెనీ ఇచ్చింది ఒక్కటే గొలుసు.

"మన ఫ్యూజు పీకేశాంగా. ఎక్కుతావా, ఇంటికి పోతావా?" అన్నాడు కాంట్రాక్టరు.

ఎక్కాడు. కాలిన వాసన కిందికి దిగాక గాని వాడు దిగలేదు. నిచ్చెన లేదు. దర్జీలు ఒకరి భుజాలమీద ఒకరెక్కి దించారు.

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టింది. "పలకలే ఆ కుర్రవాణ్ణి చంపాయి. అన్నీ ఊడదీయించండి," అన్నాడు కంపెనీ వకీలు.

వెనక వరసలో లైన్‌మన్లు లేచారు. "మావాణ్ణి మింగింది మీరే!" అంటూ తమ్ముడికి పని నేర్పిన బండన్న దర్జీల మీదికి కుర్చీ విసిరాడు. ఒక దర్జీ నుదురు చిట్లింది.

నా మరదలు, తమ్ముడి భార్య, మధ్యకెళ్లి నిలబడింది.

"నన్నూ కొట్టన్నా. నేనూ మిషను తొక్కేదాన్నేగా! రెండో గొలుసడిగితే ఇంటికి పొమ్మన్నవాడు అదిగో, ముందు వరసలో కూర్చున్నాడు. వాడి మీదికి లేవదేం నీ కుర్చీ?"

బండన్న మండలి పెద్ద వైపు తిరిగాడు. "గొలుసు ఎందుకియ్యలేదయ్యా?"

"అది ఈ విచారణ పరిధిలోకి రాదు."

దర్జీలూ లైన్‌మన్లూ కలిసే వేదిక మీదికి నడిచారు. పోలీసులు తలుపులు మూసి కొట్టారు. బండన్న మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

మర్నాడు తీగ తెంపడానికి కంపెనీ వేరే ఊరి లైన్‌మన్లను దించింది. స్తంభం చుట్టూ కట్లతో మావాళ్లు కూర్చున్నారు.

"ఎక్కండ్రా తమ్ముళ్లూ, అడ్డు రాం," అన్నాడు బండన్న. "మొన్న ఎక్కి చచ్చినవాడి పెళ్లాం ఇదిగో. ఒక్కసారి ఈమెతో మాట్లాడి ఎక్కండి."

వచ్చినవాళ్లలో పెద్దవాడు నడుము బెల్టు విప్పి, నా మరదలి పక్కన నేలమీద కూర్చున్నాడు. మిగతావాళ్లూ విప్పారు.

పోలీసుల లాఠీలు లేచాయి. కూర్చున్నవాళ్లు ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకున్నారు.