తెల్లటి కళ్లు

మా బడిలో బస్సు తాళాలు చేతికి రావాలంటే ముందు కళ్లు చూపించాలి. పొద్దున్నే డ్రైవర్లమంతా షెడ్డు ముందు వరుసగా నిలబడతాం. ఇన్‌చార్జి దశరథం సారు ఒక్కొక్కరి గడ్డం పట్టి పైకెత్తి, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు కళ్లలోకి చూస్తాడు. ఎర్రగా ఉంటే రాత్రి తాగినట్టే. వాసన చూడడు. సోంపు నమిలితే వాసన పోతుందని ఆయన నమ్మకం.

నేను ఒకప్పుడు తాగేవాణ్ని. మా ఊరు అమరచింతలో ఎవరినడిగినా చెబుతారు, దాచేదేం లేదు. మా బిడ్డ మానస ఈ బడిలో చేరిన ఏడాది మానేశాను. నా కొలువు ఉంటేనే దానికి అక్కడ చదువు. పొద్దున నాతోపాటే షెడ్డుకు వచ్చి, బస్సు ఊళ్లన్నీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకునేదాకా ముందు సీట్లో కూర్చుని చదువుకుంటుంది. రోజూ ఆ వరుసను చూస్తూనే ఉంటుంది.

తాగుడు మానినా కళ్లు మాత్రం నా మాట వినలేదు. ఆత్మకూరు రోడ్డు దుమ్ము, అద్దం సరిగ్గా మూసుకోని పాత బస్సు, మొహం మీదికే ఎదురుగాలి. మధ్యాహ్నానికి కళ్లలో ఇసుక పోసినట్టుండేది. తెల్లారేసరికి ఎర్రజీరలు. ఒక రోజు దశరథం సారు పట్టుకున్న గడ్డం వదల్లేదు.

"రాత్రి ఏమన్న ముట్టినవా సాయన్నా?"

"లేదు సార్. బిడ్డ మీద ఒట్టు."

వెనక నుంచి తిమ్మప్ప, అయిజ దిక్కు డ్రైవర్, ఊరుకుంటాడా? "ఏనప్పా, నువ్వు ముట్టలేదు. అదే నడుసుకుంట వచ్చి నీ నోట్ల పడ్డదా?" అన్నాడు. అందరూ నవ్వారు. మానస పుస్తకంలోకి తల దించుకుంది.

ఆ సాయంత్రం నాగేశ్ మందుల దుకాణానికి పోయాను. దవాఖానకు పోతే ఒక రోజు పని పోతుంది. "కండ్లు ఎండిపోయి మండుతున్నయి, ఎర్రగైతున్నయి" అన్నాను.

"గీ మందు ఏస్కో అన్నా. ఒక్క సుక్క సాలు. పెండ్లికొడుకు కండ్లయితయి."

డాక్టరు చీటీ ఉందా అని అతను అడగలేదు. సీసా మీద చీమల్లాంటి అక్షరాలు, అవీ ఇంగ్లీషువి. ఆరో తరగతిలో బడి వదిలినవాణ్ని, లోపల ఏమేం కలిపారో ఎవరినడుగుతాను? చూడ్డానికి నీళ్లలాగే ఉంది. నీళ్లలాంటిదే అనుకున్నాను.

చుక్క పడిన కాసేపటికే కళ్లు పాలలా అయ్యాయి. మర్నాడు దశరథం సారు తల ఊపి తాళాలిచ్చాడు. ఆ తలూపుకే నేను రొట్టె ముక్క దొరికిన కుక్కలా సంతోషపడ్డాను.

రాను రాను ఒక్క చుక్క చాలలేదు. మందు దిగిపోగానే మునుపటికన్నా ఎర్రబడేవి. మళ్లీ వేసేవాణ్ని. జేబులో ఒక సీసా, బస్సులో ఒకటి, ఇంట్లో ఒకటి. నా పెళ్లాం ఈరమ్మ జేబు తడిమి, "ఏంది దాస్తున్నవ్?" అంది. తీసి చూపించాను. అయినా మూత తీసి వాసన చూసింది. ఆ అలవాటు దానికి నేర్పింది నేనే.

మొన్న సోమవారం ఇంట్లో అద్దం ముందు మానస తల వెనక్కి వాల్చి నిలబడి ఉంది. చేతిలో నా సీసా.

"ఏం జేస్తున్నవే?"

"కండ్లు మండుతున్నయి నాయినా. క్లాసుల అందరు 'మీ నాయిన నీకు గుడ పోసిండా' అంటున్రు."

నా పక్కన అదే గాలికి కూర్చునే పిల్ల. నాకు తట్టనే లేదు.

"ఎప్పటిసంది ఏస్తున్నవ్?"

"చాన దినాలాయె. నువ్వు ఏస్తవు గద."

ఆ మాట వినడం కన్నా దశరథం సారు చెయ్యి గడ్డం కింద ఉండటమే నయం.

ఆ పొద్దు సెలవు పెట్టి, మానసను తీసుకుని జూరాల ఆనకట్ట దాటి, గద్వాలలో కంటి డాక్టరమ్మకు చూపించాను. ఆమె మా కళ్లు చూసింది, సీసా చూసింది.

"ఇది ఎండిన కళ్లను తడిపే మందు కాదండి. ఎరుపు కనపడకుండా రక్తనాళాలను బిగబట్టే మందు. ఆ పట్టు వదలగానే అవి ఇంకా ఉబ్బుతాయి. మందు చెడిపోకుండా కలిపేది కూడా ఇందులో ఉంది. ఇన్నిసార్లు పడితే అది కంటిని మరింత ఎండబెడుతుంది. ఇద్దరూ మానెయ్యండి."

"మానితే తెల్లగైతయా మేడం?"

"ముందు ఇంకా ఎర్రబడతాయి. కొన్నాళ్లు ఓర్చుకోవాలి. మంటకు ఈ చుక్కలు వేసుకోండి. ఇందులో ఆ రెండూ లేవు. ఎరుపును మాత్రం ఇది దాచదు."

మర్నాడు మానస ఎర్రటి కళ్లతోనే బడికి తయారైంది. నేను దొడ్లోకి పోయి పాత సీసాలోంచి రెండు చుక్కలు వేసుకున్నాను. కొలువు నాది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తాళాలొచ్చాయి. బస్సు రోడ్డెక్కాక పైనున్న అద్దంలో దాని కళ్లు నా కళ్లను చూస్తున్నాయి.

"ఏసినవా నాయినా?"

"లేదు."

తాగొచ్చిన రోజుల్లో చెప్పిన మాటే, అదే గొంతు. అది కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రమే మూడు సీసాలూ మోరీ కాలువలో పడేశాను.

తెల్లారి నా కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. వరుసలో నిలబడి, గడ్డం పట్టక ముందే డాక్టరమ్మ ఇచ్చిన చీటీ ముందుకు చాపాను. "సార్, మందు మానితే గిట్లయిందంట. నోరు వాసన సూడుండ్రి."

ఆయన చీటీ అందుకోలేదు. "చీటీలు ఎవలన్న రాస్తరు. కండ్లు జెప్తున్నయి గద! పక్కకు జరుగు."

"పాపం, ఈసారి కండ్లల్లనే పోసుకున్నడు" అన్నాడు తిమ్మప్ప.

నవ్వు ఇంకా ఆగలేదు. బస్సు మెట్లు దిగి మానస వచ్చింది. నా పక్కన, ఆ వరుసలో, డ్రైవర్ల మధ్య నిలబడి గడ్డం పైకెత్తింది.

"నావి గుడ సూడుండ్రి సార్. నేను గుడ తాగిన్నా?"

దశరథం సారు దాని గడ్డం పట్టలేదు. దాని కళ్లూ నా కళ్లూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఊదు" అన్నాడు. ఊదాను. మళ్లీ ఊదమన్నాడు. తల ఊపలేదు కానీ తాళాలు చేతిలో పెట్టాడు. తిమ్మప్ప తన బస్సు వైపు నడిచాడు.

కొలువు నిలిచింది. నిలిపింది నేను కాదు. ఎద్దుల్ని నిలబెట్టే ఆ వరుసలోకి నా బిడ్డ వచ్చి నిలబడితే నిలిచింది.

బస్సు ఎక్కాక, మానస కళ్లు ఎదురు పడకుండా లోపలి అద్దాన్ని పక్కకు తిప్పేశాను. మొదటి ఊరు వచ్చి పిల్లలు ఎక్కేదాకా దాన్ని సరిచెయ్యలేదు.