రాజు లేని గోడలు

"ఉల్లిపాయలు సన్నంగా తరుగు. మొన్న క్లబ్బులో పకోడీలు చూసి మూర్తిగారు నవ్వీసారు, ముక్కలు మరీ మోటుగా ఉన్నాయని." ఆ మాట అనేసి జగన్నాధం అద్దం ఉన్న గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రం నాలుగున్నరకి శ్రీకాకుళం ఆఫీసర్ల క్లబ్బులో అతని ఉపన్యాసం. ఎనభైమంది వస్తారట. ఎనభైమందికీ జీడిపప్పు పకోడీలూ టీ అతని భార్య తవిటమ్మ మీదే పెట్టారు. ఎవరు పెట్టారని అడగడానికి లేదు. ఆ ఇంట్లో పనులు ఎవరూ పెట్టకుండానే ఆమె మీదికి వచ్చి కూర్చుంటాయి. ఆమె కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. అద్దం ముందు నిలబడి అతను గొంతు సవరించుకుని చదువుతున్నాడు.

"నేను మెట్లు దిగాను. చీకటి నన్ను గొంగళిలా కప్పేసింది. ముసలి కాపలావాడు దీపం పైకెత్తాడు. అయ్యా, అప్పుడు చూశాను, నడినెత్తిన నక్షత్రాలు!"

తవిటమ్మ చెయ్యి ఆగిపోయింది. గొంగళి ఆమె మాట. దీపం పైకెత్తిన ముసలివాడు ఆమె చూసిన మనిషి. జగన్నాధం ఆ మెట్లు నాలుగే దిగి వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"ఏటే అలా కూకుండిపోనావు? నూనె మరిగిపోతన్నాది సూడు," అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు అసిరమ్మ. తవిటమ్మ మళ్ళీ కత్తిపీట మీదికి వంగింది. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. వాటికి కారణం అడిగే అవసరం ఎవరికీ లేకుండా ఉల్లిపాయలున్నాయి.

జగన్నాధం ఇరిగేషన్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు. నైలు నది మీద కడుతున్న పెద్ద ఆనకట్ట చూసి నేర్చుకు రమ్మని కిందటి చలికాలం నలుగురు ఇంజనీర్లను మూడు నెలలకి పంపించారు. ఆ నలుగురికీ పెద్ద, ఎక్సిక్యూటివ్ ఇంజనీరు నారాయణమూర్తిగారు. ఆయన పరాయి దేశపు వంట ముట్టరు. "మీ ఆవిడని తీసుకొచ్చేయవోయ్ జగన్నాధం, మన భోజనాల గొడవ వదిలిపోతుంది," అన్నారట. అలా తవిటమ్మ సముద్రం దాటింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆమె అదృష్టాన్ని మెచ్చుకున్నారు. మొగుడంటే అలాగుండాలి, పెళ్ళాన్ని వొదిలి ఉండలేక కూడా తీసుకెళ్తన్నాడు అన్నారు. ఆమె కూడా నమ్మింది. రెండు గోనెసంచుల నిండా చింతపండూ, ఎండుమిరపకాయలూ, మూడు జాడీల ఆవకాయా కట్టుకుంటున్నప్పుడు కూడా నమ్మింది.

అస్వాను ఊళ్ళో వాళ్ళకి రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ఒక గదిలో కిరసనాయిలు స్టవ్వు. ఇసక గాలి కిటికీ సందుల్లోంచి దూరి అన్నం గిన్నె మీద కూడా పేరుకునేది. పొద్దున్నే నలుగురికీ ఉప్మా, మధ్యాహ్నానికి నాలుగు క్యారేజీలు, సాయంత్రం టీ, మళ్ళీ వంట. ఆ దేశంలో దొరికే ఎర్రపప్పు ఉడికి ముద్దయిపోయేది; కందిపప్పులా లేదని నలుగురూ నాలుగు రకాలుగా మూతి ముడిచేవారు. "అమ్మాయీ, నువ్వే లేకపోతే ఈ ఎడారిలో మేం ఎండిపోయేవాళ్ళం సుమా," అనేవారు మూర్తిగారు. ఆ మాటకి ఆమె పొంగిపోయేలోపే, "చారులో ఇంగువ తక్కువైంది," అనేవారు. మూడు నెలల్లో ఆనకట్టని ఒక్కసారి చూసింది, అదీ కారు కిటికీలోంచి. దిగబోతే జగన్నాధం వారించాడు. అక్కడంతా మగవాళ్ళే ఉంటారన్నాడు. నలుగురు మగవాళ్ళకి మూడు నెలలుగా వండి పెడుతున్న మనిషితో.

తిరుగు ప్రయాణంలో లక్సర్ అనే ఊళ్ళో రెండు రోజులు ఆగారు. నది అవతలి ఒడ్డున కొండల్లో పూర్వపు రాజుల సమాధులున్నాయి. రాణులది వేరే లోయ. అందులో ఒక రాణి సమాధి గోడల నిండా బొమ్మలేనట; పూత రాలిపోతోందని జనాన్ని రానివ్వడం మానేశారు. ఆనకట్ట ఆఫీసువాళ్ళు వీళ్ళకోసం ప్రత్యేకంగా అనుమతి కాగితం ఇప్పించారు. తీరా ఆ రోజు మూర్తిగారు మోకాళ్ళు పట్టేసి బసలోనే ఉండిపోయారు. మిగిలిన ఇద్దరూ పెద్ద గుడి చూడ్డానికి వెళ్ళారు. జగన్నాధం బయల్దేరాడు. నీళ్ళ సీసా, పులిహోర క్యారేజీ మోయడానికి తవిటమ్మ బయల్దేరింది.

పొద్దున ఒక రాజు సమాధిలోకి దిగినప్పుడే అతనికి ఊపిరి ఆడలేదు. రాణి సమాధి దగ్గర నాలుగు మెట్లు దిగేసరికి మొహం తెల్లగా పాలిపోయింది. చొక్కా తడిసిపోయింది. వెనక్కి వచ్చి రాయి మీద కూలబడి, "ఏటుంటాది లోపల, అన్నీ ఒకలాగే ఉంటాయి. పద ఎల్లిపోదాం," అన్నాడు. కాపలా ముసలాయన తలుపు తెరిచి దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని చూశాడు. తర్వాత ఆమెను చూసి, రమ్మన్నట్టు దీపం కొద్దిగా కదిపాడు.

తవిటమ్మ క్యారేజీని మొగుడి కాళ్ళ దగ్గర పెట్టింది. నీళ్ళ సీసా పక్కన పెట్టింది. ఏమీ అడగలేదు. మెట్లు దిగింది.

లోపల ఆమె చూసింది ఇదీ. కప్పు అంతా నీలిమందు రంగు, దాని నిండా పసుప్పచ్చ చుక్కలు, నిన్న రాత్రి వేసి వెళ్ళినంత కొత్తగా. గోడల మీద రాణి. ఒంటి మీద తెల్లటి పల్చని బట్ట. దాని కిందనుంచి చేతుల రంగు తెలుస్తోంది. తవిటమ్మ పుట్టిల్లు పొందూరు. అంత సన్నని నూలు వడికే చేతుల మధ్య పెరిగిన పిల్ల. మూడువేల ఏళ్ళ కిందట ఎవరో ఆడమనిషి ఆ నూలు వడికి ఉంటుందని ఆమెకి వెంటనే తట్టింది, ఆ వడికిన దాని మెడా నడుమూ ఎంత లాగేసి ఉంటాయో కూడా. ఒకచోట దేవత రాణి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది, చిన్నప్పటి స్నేహితురాలిలా. ఒకచోట రాణి దేవతలకి నైవేద్యాలు పట్టుకుని నిలబడింది. ఇంకోచోట కుర్చీలో కూర్చుని పావుల ఆట ఆడుకుంటోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఒక్కతే ఆడుకుంటోంది. ఎవరూ పిలవడం లేదు.

ఆ బొమ్మ ముందు తవిటమ్మ చాలాసేపు నిలబడిపోయింది. తనకి ఊహ తెలిసిన తర్వాత ఎవరూ పిలవని గంట ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. దొరకలేదు. ఇంకొన్ని మెట్లు దిగి లోపలి పెద్ద గదిలోకి వెళ్ళింది. అక్కడ నాలుగు స్తంభాలు, వాటి నిండా కూడా రాణే. అన్ని గోడలూ చూశాక ఆమెకో అనుమానం వచ్చింది. స్కూలు ఫైనలు దాకా చదివిన ఇంగ్లీషు కూడదీసుకుని, "కింగ్?" అని అడిగింది. ముసలాయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. "నో కింగ్. ఓన్లీ క్వీన్."

పైనుంచి జగన్నాధం కేకేశాడు. ఆకలేస్తోందట. క్యారేజీ కాళ్ళ దగ్గరే ఉంది.

ఆ సాయంత్రం అతను మెల్లగా అడిగాడు, లోపల ఏం చూశావని. తను దిగలేదని మూర్తిగారితో అనొద్దన్నాడు. ఓడ ఎక్కాక కూడా అడిగాడు. రోజూ మధ్యాహ్నం డెక్కు మీద కూర్చోబెట్టుకుని, "ఇంకా సెప్పు," అనేవాడు. పదకొండేళ్ళ కాపురంలో తను చెప్పేది అతను వినడం అదే మొదలు. తవిటమ్మ తెరుచుకున్న తలుపులా చెప్పింది. రంగులు చెప్పింది, నూలు చెప్పింది, చీకటి ఎలా కప్పిందో చెప్పింది. సముద్రం గాలికి జుట్టు ఎగురుతుంటే మొగుడు తన మొహంలోకే చూస్తూ వింటున్నాడు. ఇన్నాళ్ళకి ఈయనకి నా మీద ఇష్టం కలిగింది అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి అన్నిటికన్నా మండేది ఆ ఇష్టం గురించే. రాజు లేడన్న సంగతి మాత్రం ఎందుకో చెప్పలేదు. అడిగితే చెప్పేదేమో. అతను అడగలేదు.

ఆ వేసవిలో ఆ దేశంలో యుద్ధం వచ్చింది. పేపర్ల నిండా ఆ పేరే. జగన్నాధం ఒక వారపత్రికకి వ్యాసం రాశాడు. అచ్చయి వచ్చిన రోజు తవిటమ్మ వంటింట్లో నిలబడి చదివింది. తన మాటలన్నీ వరసగా, అతని ఫొటో కింద. ఆ ప్రయాణంలో ఆమె ఉన్న జాడే లేదు, "భోజన సదుపాయం బాగానే కుదిరింది" అన్న ఒక్క వాక్యంలో తప్ప.

ఆ పూట అడిగింది. "మీరు లోపలికి రానేదు కదండీ?"

అతనికి కోపం కూడా రాలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "ఎవులు సూస్తే ఏటి? నీ కళ్ళూ నా కళ్ళూ వేరా?"

అత్తగారు విని, మొగుడికి పేరొస్తే పెళ్ళానికి రానట్టా, ఇదేం బుద్ధి అంది. తవిటమ్మ నోరు మూసుకుంది. మూసుకున్న నోట్లో ఆ ప్రశ్న మూడు నెలలు నానింది. వేరు కాకపోతే, ఈ కళ్ళకి పొగ పడుతున్నప్పుడు ఆ కళ్ళెందుకు మండవు?

నాలుగున్నరకి క్లబ్బు హాలు నిండింది. అధ్యక్షత నారాయణమూర్తిగారిది. ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక రెండు బెంచీల్లో ఆఫీసర్ల భార్యలు, ఆడపిల్లల స్కూలు హెడ్మిస్ట్రెసు పద్మకుమారిగారు. తవిటమ్మా, గ్లాసులు కడగడానికి వచ్చిన గున్నమ్మా పక్క గుమ్మంలో నిలబడ్డారు. జగన్నాధం బాగా చెప్పాడు. గొంగళి దగ్గర జనం నిశ్శబ్దమయ్యారు, నక్షత్రాల దగ్గర చప్పట్లు కొట్టారు. తవిటమ్మ పళ్ళు బిగించి విన్నది. ఇదీ అయిపోతుంది, పకోడీలు పంచి ఇంటికి పోవచ్చు అనుకుంది.

చివర్లో పద్మకుమారిగారు లేచి, ఆ గోడల మీద రాజుగారి బొమ్మలు ఎలా ఉన్నాయండీ అని అడిగారు.

జగన్నాధం ఒక్క క్షణం తడుముకున్నాడు. తర్వాత నవ్వాడు. "ప్రతి గోడ మీదా ఆయనే కదండీ. సింహాసనం మీద ఆయన, పాదాల దగ్గర రాణి. భర్త పాదాల దగ్గర ఆమె మొహంలో ఎంత శాంతం అనుకున్నారు! మన ఆడవాళ్ళు చూసి నేర్చుకోవలసింది."

ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. తవిటమ్మ చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. తన మాటలు తీసుకున్నాడు, సరే. తన కళ్ళు తీసుకున్నాడు. ఇప్పుడు ఆ రాణిని కూడా కుర్చీలోంచి దింపి, పావులు లాగేసి, ఒకడి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. మూడువేల ఏళ్ళుగా ఎవరి కాళ్ళ దగ్గరా లేని మనిషిని. పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"రాజు నేడండి," అంది. లేడన్న ఆ మాట తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఏ గోడ మీదా నేడు. ఈయన లోపలికి దిగనేదు. నేను దిగాను."

హాల్లో తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. జగన్నాధం మొహం రాణి సమాధి మెట్ల మీద పాలిపోయినట్టే పాలిపోయింది. కానీ తేరుకున్నాడు. "మా ఆవిడ పైన క్యారేజీ కాసుకుని కూర్చుందండీ. ఎండకి కాస్త కళ్ళు తిరిగాయి అప్పట్లో," అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. మూర్తిగారు కూడా నవ్వి, "అమ్మాయీ, టీ చల్లారిపోతోంది," అన్నారు.

తవిటమ్మ పళ్ళెం తీయలేదు. ఎవరి మొహం చూడకుండా గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నిజం చెప్తే కూడా నవ్వే మనుషుల కోసమా ఇన్ని ఉల్లిపాయలు తరిగింది?

గున్నమ్మ వెనకే వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని కింద కూర్చుంది. "అమ్మా, ఆ రాణమ్మ ఏటి కట్టుకున్నాది?"

తవిటమ్మ ఆమె వంక చూసింది. పరిహాసం లేదు. "పొందూరు నూలు లాటిది. దానికన్నా సన్నం," అంది.

పద్మకుమారిగారు బయటికి వచ్చారు. "మా స్కూల్లో ఒక పెద్ద పుస్తకం ఉందమ్మా. అందులో రాశారు, ఆ గోడల మీద రాజు ఎక్కడా లేడని. అందుకే అడిగాను ఆయన్ని." ఆవిడ బెంచీ మీద పక్కన కూర్చున్నారు. "మొదట్నుంచీ చెప్పండి."

తవిటమ్మ మొదట్నుంచీ మొదలుపెట్టింది. క్యారేజీ మోసుకెళ్ళిన దగ్గర్నుంచి. వెనక బెంచీల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎర్రపప్పు దగ్గర నవ్వారు, ఇంగువ దగ్గర ఒకావిడ తన కథ కూడా చెప్పబోయి ఆగింది. లోపల జగన్నాధం గొంతు ఇంకా వినిపిస్తోంది, కొంచెం పెద్దగా, కొంచెం తొందరగా. టీ ఎవరూ పంచలేదు. ముందు వరసల మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, గ్లాసులు వాళ్ళే తీసుకుని. తవిటమ్మ వాళ్ళని చూసింది కానీ గొంతు తగ్గించలేదు. పావుల ఆట గురించి చెప్తున్నప్పుడు ఎవరూ కదల్లేదు.

ఆమె చెప్పడం ఇంకా అవలేదు, హాలు ఖాళీ అయింది. జగన్నాధం కాగితాలు మడిచి పట్టుకుని వరండాలోకి వచ్చాడు. అందరి ఎదుటా కేకలెయ్యలేక, పళ్ళ బిగువున అన్నాడు. "నెగు. ఇంటికి పద."

తవిటమ్మ తల తిప్పి అతన్ని చూసింది. పదకొండేళ్ళలో ఎన్నోసార్లు ఆ మాటకి లేచిన మనిషి. లేవలేదు.

"మీరెల్లండి," అంది. "నేనింకా లోపలి గదిలోకి దిగనేదు."