కడవీదిలో ఇంటి మాట

వాసుకి తీసే సినిమాల్లో ఏదీ తిన్నగా ఉండదు. వాన నేలమీంచి పైకి కురుస్తుంది. ఏళాయిరంపన్నైలో చేసిన టపాసులు చప్పుడు లేకుండా పేలితే, పక్కనున్న మేక ఢామ్మంటుంది. కథేమిటమ్మా అని ఎవరైనా అడిగితే, "నీ బతుక్కి ఉందా కథ?" అని మొహమ్మీదే అడిగేసేది. అంత పొగరు!

రెండువేల మూడులో ఇంకా పెద్ద తిక్క పని చేసింది. తన మేనత్త కృష్ణమ్మాళ్ చేత వంటింట్లో తమిళం, కోవిల్‌పట్టి కడవీదిలో, అంటే బజార్లో, తెలుగు మాట్లాడించింది. తమిళ ఊళ్ళో తరాలుగా ఉంటున్న ఆ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తెలుగు గడప లోపలిది, గడప దాటితే తమిళమే. ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే కట్టుబాటది. మైకు కనబడలేదు కదా, గొంతు సినిమాలోకి ఎక్కదులే అనుకుని అత్త మాట్లాడేసింది.

ఆ సినిమాకి కోవిల్‌పట్టి థియేటర్లో పొద్దుటి ఆట దొరికింది. తన గొంతు సినిమాలోకి ఎక్కిందని తెలిసి, తలుపు దగ్గరే అత్త వాసుకి చెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఆ కడవీది ముక్క తీసేయవే. బజార్లో ఇంటి మాటా? మానం పోతాది."

"అది తీస్తే సినిమా ఏది, పడమే లేదు అత్తా."

"నాకంటే నీ పడం పెద్దదా?"

తనని ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా వాసుకి తల అడ్డంగా ఊపింది. కృష్ణమ్మాళ్ వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

తెరమీద అత్త బజార్లో వెనక్కి నడుస్తూ వంకాయలు బేరమాడింది. హాలంతా గోల. ఆపరేటరు తాగి రీళ్ళు కలిపేశాడన్నారు. మేనేజరు శంకరలింగం పరుగెత్తుకొచ్చి, ఆ ముక్క కోసేయిస్తానని మెషిన్ గది మెట్లెక్కబోయాడు. వాసుకి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"ముందు నా చెయ్యి కొయ్యండి."

అంతలో ఎవడో, ఆ ముసల్ది వాగేది ఏ భాషరా అని తమిళంలో అరిచాడు.

కృష్ణమ్మాళ్ దిగ్గున లేచింది. కోపంలో ఆమెకు తమిళం రాలేదు.

"మా అమ్మ బాసరా! ఇంట్లో ఏడ్సేదానికి పనికొచ్చే బాస బయట ఏంటికి సావాల? ఈ పడం నాకూ ఒక్క ముక్క అర్తం కాలేదు. అయితే ఏమి? దాంట్లో ఉండేది నేను. ఎవుడు కోస్తాడో రానీ!"

శంకరలింగం మెట్ల దగ్గర్నుంచి వెనక్కి తగ్గాడు. వాసుకికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అత్త తల నీడ తెరమీద పడుతోంది, కూర్చోమ్మా అని వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"కూసోను పో" అంది కృష్ణమ్మాళ్, మళ్ళీ తెలుగులోనే.