కొట్టేసిన పేరు

నేను ఒక తలకిందుల గడియారాన్ని. నవ్వకండి. నర్సు ఎదమీద పిన్నుతో వేలాడేదాన్ని కదా, తల వంచి చూసుకునే ఆమెకి తిన్నగానే కనిపిస్తాను, ఎదుటివాళ్లకే తలకిందులు. ఫ్యాక్టరీలో నన్ను బిగించింది ఒక్క పనికి: ఎవరిదో నాడి లెక్కపెడుతున్నప్పుడు నా సెకన్ల ముల్లు ఆగకూడదు.

మిలిటరీ ఆసుపత్రిలో మేట్రన్ వసుంధరగారి దగ్గర పదిహేడేళ్లు ఉన్నాను. తెనాలి మనిషి, నోరు పెద్దది, చెయ్యి మెత్తన. తన చేతికింద తయారైన నర్సు, కెప్టెన్ సలోమి ఎదమీద నన్ను తానే స్వయంగా గుచ్చింది. సలోమి చీరాల పిల్ల. హేమలత అనే డ్రాయింగు టీచరుతో కాపురముంటున్నానని ఎవరడిగినా చెప్పేది, దాచేది కాదు. వార్డులో గుసగుసలు లేచాయి. కాలు విరిగి పడుకున్న శ్రీకాకుళం హవల్దారు అప్పలసూరి మాత్రం, "నువ్వు ఎవుల్తో ఉంటే నాకేటమ్మా? సూది నొప్పెట్టకుండా పొడిసేది నువ్వొక్కదానివే" అన్నాడు. సలోమి పకపకా నవ్వింది. ఆమె నవ్వితే ఎగిరెగిరి పడేది నేను!

ఇంతలో సరిహద్దు కొండల్లో పోస్టింగు వచ్చింది. వెళ్లేముందు ఒక ఫారం నింపాలి: ప్రాణం మీదికొస్తే ఎవరికి కబురు చెయ్యాలి? సలోమి హేమలత పేరు, నంబరు రాసి, పక్కన 'నా సహచరి' అని పెట్టింది. తండ్రి పేరు రాయలేదు. ఆయన ఆమెతో మాట్లాడి నాలుగేళ్లయింది.

ఆ ఫారం మేట్రన్ చేతికొచ్చింది. "పిచ్చిదానా, పైనుంచి అడుగుతున్నారే! ఉద్యోగం ఊడుతుంది. అది చింపేసి మీ నాన్న పేరు రాయి."

"రికార్డులో రాసింది చింపకూడదని, తప్పైతే ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలని మీరే నేర్పారు కదా మేడమ్. ఇది తప్పు కాదు. నేను కొట్టను."

మేట్రన్ ఫారం మడిచి తన సొరుగులో పెట్టుకుంది. పదిహేడేళ్లు ఆ గుండె మీద ఉన్నదాన్ని, నాకు ఆ తీరు నచ్చలేదు. భయమేసింది.

కొండలకెళ్లి రెండు నెలలు. ఈ పొద్దున సలోమి ఎక్కిన అంబులెన్సు లోయలోకి జారింది. మధ్యాహ్నానికి ఆమెను హెలికాప్టర్‌లో ఈ పాత ఆసుపత్రికే తెచ్చి ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. నన్ను విప్పి, ప్లాస్టిక్ సంచిలో వేసి గుమాస్తా బల్లమీద పెట్టారు. అతను ఆమె ఫారం తీశాడు. అప్పుడు చూశాను. హేమలత పేరు మీద తిన్నగా ఒకే ఒక్క గీత. దాని పైన తండ్రి పేరు. పక్కన మేట్రన్ సంతకం. ఉద్యోగం కాపాడాననుకుంది, మహాతల్లి!

గుమాస్తా తండ్రికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తి, సలోమి పేరు వినగానే పెట్టేశారు. గీత కింద హేమలత నంబరు శుభ్రంగా కనబడుతూనే ఉంది. అతను ఒక్క క్షణం దానివంక చూసి, "కొట్టేశారుగా" అని ఫైలు మూసేశాడు.

థియేటర్ మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. రోజూ సాయంత్రం ఆరింటికి సలోమి హేమలతకి ఫోను చేస్తుంది. ఇప్పుడు ఆరూ ఇరవై. ఆ పిల్ల ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఎవరైనా చెప్పండయ్యా ఆమెకి! దేవుడా, నాకు టైము చెప్పడం తప్ప ఇంకేమీ రాదే.