లైను మీద పడ్డ బంతి

పొద్దున్న ఆరు కొట్టకముందే కోచమ్మ మూడో నంబరు టెన్నిస్ కోర్టు తాళం తీసేది. సంచీ బెంచీ మీద పడేసి, కుడి మోకాలికి పట్టీ బిగించుకుని, నెట్‌కి ఇవతల బేస్‌లైను దగ్గర నిలబడేది. అవతలివైపు ఎవరూ ఉండరు. కాసేపటికి అక్కణ్ణుంచి ఓ బంతి వచ్చేది, దాని వెనకే ఇంకోటి.

అవన్నీ ఆవిడ ఇరవయ్యేళ్ల ఆటలో అందుకోలేక వదిలేసిన బంతులు. ఆట మానేసి కోచ్‌గా చేరిన మర్నాటి నుంచీ రావడం మొదలెట్టాయి, మొట్టమొదటి పోటీ నుంచీ వరసగా, రోజుకి పదో పదిహేనో. పదకొండేళ్లుగా వస్తూనే ఉన్నాయి. అప్పుడు అందనివి ఇప్పుడెలా అందుతున్నాయంటారా, పాపం వాటికీ వయసు మీద పడింది, మెల్లగా వచ్చేవి. ఒక్కోదాన్నీ తిరిగి కొట్టి పంపుతుంటే ఆవిడకి పాత బాకీ తీరుతున్నట్టు ఉండేది. తర్వాత కోర్టులు ఊడ్చే బాబాయ్ వచ్చి, వెలిసిపోయిన బంతుల్ని బుట్టలోకి ఏరుతూ, "ఇవాళ్టివి మీ ఇరవయ్యో ఏటివమ్మా, అప్పట్లో ఇంత గట్టి బంతులే దొరికేవి" అనేవాడు. ఎనిమిదింటికి వచ్చే పిల్లలు వాటితోనే సర్వీసులు నేర్చుకునేవారు.

గేటు మీద బోర్డుండేది. 'పెద్ద టోర్నమెంటు మెయిన్ డ్రాలో ఆడిన కోచ్ శిక్షణలో' అని ఎర్రక్షరాలు. అబద్ధమెందుకు, పిల్లల్ని చేర్పించే నాన్నలందరూ ముందు ఆ బోర్డు చదివి, తర్వాతే లోపలికొచ్చేవారు.

ఆరింటికే వచ్చేది మాత్రం ఒక్క చువ్వ. ఆ పిల్లకి పదిహేడేళ్లు, ఎండిన కొమ్మలా సన్నగా పొడుగ్గా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. వాళ్ల నాన్న సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ మొదటి ట్రిప్పులోనే కూతుర్ని గేటు దగ్గర దింపేసి పోయేవాడు. చువ్వ బెంచీ మీద కూర్చుని, బూట్ల లేసులు కట్టుకుంటూ, కోచమ్మ పాత బంతులు కొట్టడం చూసేది.

అలా చూస్తుండగానే బంతుల వరస కోచమ్మ ఇరవయ్యారో ఏటికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు ఒక్కటే బంతి వచ్చింది. ఎడంచేతి వాటం బంతి, గాలిలో వంకర తిరిగి, ఆవిడ ఎడమవైపు మూలన లైను మీద పడి దూసుకుపోయింది. కోచమ్మ కదల్లేదు. మెడ కాస్త పక్కకి వంచి, చూపుడువేలు పైకెత్తింది. మర్నాడూ అదే బంతి, అదే మూల, అదే వేలు. అలా నెల్లాళ్లు.

"బంతులు నిండుకున్నాయా అమ్మా?" అన్నాడు బాబాయ్, ఖాళీ బుట్ట చూపించి.

"ఇరుక్కున్నాయి బాబాయ్" అంది కోచమ్మ.

ఎక్కడ ఇరుక్కున్నాయో ఆవిడకి తెలీదా? మెయిన్ డ్రా, అంటే అసలు పోటీకి ముందు అర్హత పోటీలుంటాయి. అక్కడ ఆ రోజుల్లో అంపైరుండేవాడు కాదు. నీ వైపు పడిన బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. బయటైతే వేలు పైకెత్తాలి, లోపలైతే అరచెయ్యి నేలకేసి చూపాలి. ఎదుటివాళ్లు నమ్మాలి, అంతే. ఆఖరి అర్హత మ్యాచ్‌లో, మూడో సెట్లో, కోచమ్మ ఐదు నాలుగుతో ముందుంది. సర్వీసు తనదే, ఒక్క పాయింటొస్తే గెలుపు. ఎదురుగా ఎడంచేతి అమ్మాయి. ఆ బంతి లైను మీద పడింది. తెల్లగీత మీద పసుప్పచ్చగా, కళ్లెదుటే పడింది. వేలు పైకి లేచింది. ఆ అమ్మాయి ఓ క్షణం అలాగే చూసి, వచ్చి చెయ్యి కలిపి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఏ పోటీలోనూ కనపళ్లేదు.

నెల్లాళ్ల తర్వాత ఓ సాయంత్రం చువ్వ ఇంకో పిల్లతో ప్రాక్టీసు మ్యాచ్ ఆడుతోంది. అవతలి పిల్ల కొట్టిన బంతి లైను మీద పడింది. చువ్వ మెడ కాస్త పక్కకి వంచి, చూపుడువేలు పైకెత్తింది.

గీత పక్కన నిలబడ్డ కోచమ్మ అది చూసింది. ఆ వంపు తనది. ఆ వేలు తనది. ఫోర్‌హ్యాండు నేర్పడానికి మూడేళ్లు పట్టిన పిల్ల, ఇది నెల్లాళ్లలో ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంది.

"అది లోపల పడలేదూ?" అంది కోచమ్మ, దగ్గరికెళ్లి.

"ఏమో మేడం, దగ్గర్లోనే పడింది" అంది చువ్వ చెమట తుడుచుకుంటూ. "వచ్చే నెల అర్హత పోటీలున్నాయి కదా. అక్కడ ఇలాంటివి మనకే రావాలి, లేకపోతే ఎలా గెలుస్తాం?"

కోచమ్మ ఆ బంతి ఏరి అవతలి పిల్లకి విసిరేసింది. తిట్టడానికి తనకేం హక్కుందని తిడుతుంది?

ఇంటికెళ్లి, అక్క బట్టలు మడతపెడుతుంటే పక్కన కూలబడింది. అక్క ఆ రోజుల్లో ప్రతి ఊరికీ వెంట వచ్చేది, సంచులు మోస్తూ, మోకాళ్లకి మందు రాస్తూ. గోడ మీద మెయిన్ డ్రా నాటి ఫొటో, రాకెట్ పట్టుకుని పళ్లికిలిస్తూ కోచమ్మ.

"అక్కా, ఆ ఎడంచేతి అమ్మాయితో మ్యాచ్ గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఆ మూలకి ఎదురుగానే కూర్చున్నాగా."

"అయితే చూశావా?"

"చూశాను." అక్క దుప్పటి రెండో మడత వేసింది.

"మరి ఇన్నేళ్లూ ఒక్క ముక్క అనలేదేం?"

"నువ్వే చెప్తావని చూస్తున్నానే పిచ్చిదానా."

కోచమ్మకి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపది. అక్క ఓదార్చలేదు. దుప్పటి రెండో కొస అందించి, పట్టుకోమంది.

మర్నాడు ఆరింటికి అదే బంతి వచ్చింది. వంకర తిరిగి, మూలన పడింది. వేలు లేవబోయింది, పందొమ్మిదేళ్ల అలవాటు ఊరికే పోతుందా. కోచమ్మ ఆ వేలిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని ముడిచి, అరచెయ్యి నేలకేసి చాపింది.

"లోపలే పడింది" అంది, చువ్వ వైపు తిరిగి. "ఆ రోజూ లోపలే పడింది. నేను దొంగతనం చేశాను."

చువ్వ లేసు కడుతున్నదల్లా ఆగిపోయింది. కోచమ్మ పక్కన కూర్చుని ఆ మ్యాచ్ సంగతంతా చెప్పింది.

ఆ తర్వాతి రోజు కోచమ్మ ఎంతసేపు నిలబడ్డా బంతి రాలేదు. ఆరుంబావైంది. ఆరున్నరైంది.

"మేడం," అంది చువ్వ బెంచీ మీంచి, "ఆ ఆటలో సర్వీసు మీదే కదా?"

నిజమే. పాయింటు అవతలికి పోయింది కాబట్టి ఆ గేములో పాయింట్లు సమానమయ్యాయి, అంతే. మ్యాచ్ అయిపోలేదు. కోచమ్మ బుట్టలోంచి ఓ బంతి తీసి, మోకాలు తిట్టుకుంటూ సర్వీసు చేసింది. ఖాళీ కోర్టులోంచి బంతి తిరిగొచ్చింది, ఎడంచేతి వాటంతో. ఈసారి మెల్లగా రాలేదు.

రోజుకో పాయింటు నడిచింది. కోచమ్మ గెలవాలనే ఆడింది, ఉత్తుత్తి ఆట ఆడలేదు. పట్టీ కింద మోకాలు వాచి గుమ్మడికాయైంది. రాత్రి పడుకుంటే కాలు ఎటు పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఐదు ఐదు. చువ్వ స్కోరు లెక్కపెట్టేది, మంచి దెబ్బ పడితే అటు వైపుదైనా సరే చప్పట్లు కొట్టేది. ఐదు ఆరు. బాబాయ్ ఊడ్చడం మానేసి, చీపురు మీద చేతులానించి నిలబడిపోయేవాడు.

ఇరవై రెండో రోజు ఆఖరి బంతి వచ్చింది. కోచమ్మ పరిగెత్తింది, నిజంగానే పరిగెత్తింది, రాకెట్ చాచింది, అందలేదు. బంతి లైను అంచుని రాసుకుంటూ పడింది. బయటంటే అనొచ్చు. అడిగేవాళ్లు లేరు.

కోచమ్మ వంగి, రొప్పుతూ, అరచెయ్యి నేలకేసి చూపింది. తర్వాత కుంటుకుంటూ నెట్ దగ్గరికెళ్లి చెయ్యి చాచింది. ఎవరో పట్టుకున్నట్టు ఆ చెయ్యి కాస్త కిందికీ పైకీ ఊగింది.

ఇంటికొచ్చేసరికి అక్క ఫొటో తుడుస్తోంది. ఫొటోలో మెయిన్ డ్రా కోర్టు అదే, ఆ ఎండ అదే. రాకెట్ మాత్రం ఎడంచేతిలో ఉంది.

"నవ్వితే బాగుందే ఈ అమ్మాయి" అంది అక్క. "దింపేయనా?"

"ఉండనీ అక్కా. బాగానే ఆడింది."

వారం తిరక్కుండా గేటు మీద బోర్డులో ఎర్రక్షరాలు వెలిసిపోయి, 'కోచ్ శిక్షణలో' అన్న ముక్క మిగిలింది. ఆవిడ మెయిన్ డ్రా ఆడిన మాట ఊళ్లో ఎవరి జ్ఞాపకంలోనూ లేకుండా పోయింది. నాన్నలు ఒక్కొక్కరే వచ్చి, చదువులన్నారు, దూరమన్నారు, పిల్లల్ని మానిపించేశారు. కోచమ్మ ఎవర్నీ పట్టుకుని ఆపలేదు.

ఆఖరికి బస్సు డ్రైవరూ వచ్చాడు, ఖాకీ బట్టల్లోనే, బస్సు గేటు ముందు ఆపి. లోపల ప్రయాణికులు కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు.

"ఏమనుకోకండి మేడం. పిల్ల అర్హత పోటీలకి పది రోజులే ఉంది. మీరు పెద్ద మ్యాచ్‌లేవీ ఆడలేదటగా? అక్కడిదాకా వెళ్లనివాళ్లు అక్కడిదాకా ఎలా తీసుకెళ్తారని మావాళ్లంతా నన్ను దులిపేస్తున్నారు."

కోచమ్మ తల దించుకుంది. ఆయనన్నది ఇప్పుడు అక్షరాలా నిజం.

చువ్వ బెంచీ మీంచి లేచి వచ్చింది.

"ఆడారు నాన్నా" అంది. "ఇరవై రెండు రోజులు కూర్చుని నేను చూశాను. ఓడిపోయేదాకా ఆడారు. నాకు ఈవిడే కావాలి."

డ్రైవరు కూతుర్ని చూశాడు, కోచమ్మ వాచిన మోకాలిని చూశాడు. బస్సులో ఎవరో విసుక్కుంటే వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పన్నెండింటికొచ్చి తీసుకెళ్తా" అన్నాడు.