బెల్టు మీద నీళ్ల గీత

కొబ్బరికాయ ముందే కొట్టేసిన్రు. తప్పు అక్కడ్నే జరిగింది.

ఖమ్మం బైపాస్ పక్కనున్న ఆ పాత కార్ల దుకాణానికి సంగీత వాళ్లు చేరేసరికి పదకొండు దాటింది. మణుగూరులో పొద్దున్నే ఎక్కిన బస్సు కుదిపి కుదిపి దించింది. ఒళ్లో బిడ్డ, చేతిలో నీళ్ల సీసా, పక్కన మొగుడు కోటేష్, ముందు తలపాగా చుట్టుకున్న మామ, కోటేష్ నాయిన రాందాస్. దుకాణం ఓనరు సాయికిరణ్ ఎదురొచ్చి పెద్దాయన కాళ్లకు దండం పెట్టినంత పని చేసిండు. పన్నెండుకు రాహుకాలం వస్తదని, కాయితాలు ఎప్పుడైనా అయితయని, మంచి గడియ పోతే మళ్లీ రాదని, ముందు కాయ కొట్టుకొమ్మని చెప్పిండు. చెప్పుడే గాదు, కాయ కూడా ఆయనే తెప్పిచ్చిండు. రాందాస్ తెల్ల కారు ముందట నిలబడి ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసిండు.

వాళ్ల బంజారా తండాలో కాయ పగిలినంక వెనక్కి పోవుడు ఉండదు. ఎడ్ల జతకైనా, బోరుకైనా, పెండ్లి మాటకైనా అంతే. కాయ పగిలిందంటే మాట ముడిపడ్డట్టు. సాయికిరణ్‌కు ఆ సంగతి బాగా ఎరుక. అడివి మండలాల నుంచి వచ్చేటోళ్లకు ఆయన ముందుగా చూపించేది బండి కాదు, కాయ.

సంగీతకు ఈ ఎత్తు అప్పుడు తెల్వదు. ఆమె మనసంతా బిడ్డ మీదనే ఉంది. లిఖితకు ఇంకా మూడేండ్లు నిండలేదు. జరం కొంచెం ఎక్కితే చాలు, కండ్లు పైకి పోయి కాళ్లు చేతులు కొట్టుకుంటయి. వానాకాలంల ఒకసారి గట్లనే వస్తే, తండా నుంచి ఎక్కిన ఆటో అడివి మధ్యల ఆగిపోయింది. బిడ్డను భుజాన వేసుకొని మూడు కిలోమీటర్లు ఉరికింది సంగీత. ఆ దారిల ఫోన్ సిగ్నల్ రాదు, మనిషి అలికిడి ఉండదు. బిడ్డ బతికింది గాని, ఆ ఉరుకుడు మాత్రం సంగీత గుండెల ఇంకా ఆగలేదు. కారు కొనాలన్న మాట ఇంట్ల పుట్టింది ఆ రోజే. ఆమెకు రంగుతోని, సోకుతోని పని లేదు. మధ్యల ఆగని బండి కావాలె, అంతే.

కోటేష్ బొగ్గు గనిల డంపర్ నడుపుతడు. ఇంటి ఎత్తు చక్రాలు తిప్పేటోనికి కారు ఎలకపిల్ల లెక్క. టైరును కాలితోని తన్ని చూసిండు, ఇంజన్ చప్పుడు విన్నడు, బాగుందన్నడు. పాటల డబ్బా మోగేసరికి ఇంకా బాగుందన్నడు.

సంగీతకు చిన్నప్పటి నుంచి ఒక రోగం ఉంది. ఏ వస్తువు చూసినా దాని లోపల ఏముందో చూడకుండ ఉండలేదు. తొమ్మిదో తరగతిల బడి మాన్పించిన్రు గాని ఆ రోగాన్ని ఎవ్వరూ మాన్పించలేదు. బిడ్డను ఎత్తుకొని వెనక సీట్ల కూసున్నది. కిటికీ బొత్తం నొక్కింది, దిగింది. మళ్లీ నొక్కింది, ఎక్కింది. సీటు సందుల వేలు పెట్టింది. కొత్త సీటు కవర్లు, కొత్త కాళ్లపట్టాలు, గులాబీ సెంటు వాసన. అంత సెంటు ఎందుకు కొట్టిన్రో అనుకున్నది. పెండ్లికొడుకు కూడా అంత కొట్టుకోడు.

ఆ తర్వాత సీటు బెల్టు మీద చెయ్యి పడ్డది. తనకూ బిడ్డకూ కలిపి ఆ పట్టీ సరిపోతదా లేదా అని గుంజింది. మూరెడు వచ్చింది. ఇంకా గుంజింది. లోపల గరగరమని ఇసక నమిలినట్టు చప్పుడైంది. ఇదేందని రెండు చేతులతోని మొత్తం గుంజింది. పై భాగం నల్లగ మిలమిల మెరుస్తున్నది. లోపల చుట్టుకొని ఉన్న భాగం మాత్రం బూడిద రంగు తిరిగి, బిరుసెక్కి ఉంది. రెండింటి మధ్యల అడ్డంగ ఒక గీత. బిందెడు నీళ్లల్ల చీరె కొంగు సగం ముంచి తీసి ఆరేస్తే పడే గీత అది. దాన్ని గుర్తుపట్టడానికి ఆడదానికి బడి చదువు అక్కర్లేదు.

గోరుతోని గీకింది. మెత్తటి మట్టి రాలింది. దాన్ని కొంగుల పట్టుకొని కిందికి దిగింది.

మామతోని నేరుగ మాట్లాడే అలవాటు తండాలో కోడండ్లకు లేదు. కొంగు నెత్తి మీదికి గుంజుకొని, చెప్పాల్సింది చంటిపిల్లకు చెప్తరు, పెద్దమనిషి వింటడు. సంగీత కూడా బిడ్డ చెవిల చెప్పినట్టు, తమ బంజారా మాటల, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"తాతను అడుగు బిడ్డా, ఈ మట్టి ఏ ఊరిదో."

రాందాస్ గోదారి ఒడ్డున పొలం కౌలుకు పట్టి, రెండుసార్లు మిర్చితోట వరదల పోగొట్టుకున్న మనిషి. కోడలు కొంగుల మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపిండు, వాసన చూసిండు, నాలికె కొసకు కూడా అంటించుకున్నడు. తమ తొవ్వల మీద లేచేది ఎర్ర దుమ్ము. గని దిక్కు లేచేది నల్ల దుమ్ము. ఇది రెండూ కాదు. పిండి లెక్క మెత్తగ, బూడిద రంగున ఉంది.

"ఒండ్రు," అన్నడు ముసలాయన. "ఏరు తెచ్చిన మట్టి."

కోటేష్ మొఖం మాడింది. మున్నేరు వాగు పొంగిన ఏడాది ఖమ్మంల కార్లు పడవల లెక్క తేలిన సంగతి ఆయన ఫోన్ల చూసిండు. అయినా కాయ కొట్టినంక శకునాలు తీస్తున్నవేందని పెండ్లాం మీదనే గుర్రుమన్నడు. సాయికిరణ్‌కు వాళ్ల మాట అర్థం కాలేదు గాని మొఖాలు అర్థమైనయి. పాత ఓనరు రైతు అని, పొలానికి తీసుకపోయేటోడని, రైతు బండికి మట్టి అంటక మల్లెపూలు అంటుతయా అని నవ్విచ్చిండు. పైగా తాను సంవత్సరం వారంటీ ఇస్తున్నానని, వారంటీ ఉన్నంక భయమెందుకని, గల్లాపెట్టె పక్కనుంచి స్టాంపు కొట్టిన కాయితం తీసి కోటేష్ చేతిల పెట్టిండు.

కోటేష్ దాన్ని మడిచి జేబుల పెట్టుకోబోయిండు. సంగీత ఇటు తెమ్మన్నది.

అంతా ఇంగ్లీషు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే పొద్దు గూకుతది. ఆమె ఫోన్ తీసి, కాయితం ముందట పట్టి, తెలుగుల చూపించేది నొక్కింది. తెలుగు వంకరటింకరగ వచ్చింది గాని వచ్చింది. సంవత్సరం అని పైన పెద్దగ ఉంది. కింద చీమ తలకాయలంత అక్షరాల్ల, ఇంజన్‌కు మాత్రం ముప్పై దినాలే అని ఉంది. వైర్లు రావు, ఏసీ రాదు, నీటి వల్ల వచ్చిన నష్టం ఏదీ రాదు. ఆఖరికి, బండిని కొన్నవాళ్లే దుకాణం దాకా తేవాలె.

"ఆగిపోయిన బండిని మణుగూరు నుంచి ఖమ్మం దాకా ఎట్ల తెస్తమన్నా? మోసుకొస్తమా?"

సాయికిరణ్ మొదటిసారి ఆమె దిక్కు సరిగ్గ చూసిండు. అందరూ గట్లనే రాస్తరని, అది ఉత్త రూలని, తన నోటి మాటే అసలు వారంటీ అని చెప్పిండు. ఆమె కోపం చెయ్యలేదు. నిజంగనే తెలుసుకోవాలని ఉన్నట్టు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నోటి మాట మంచిదే అన్నా. దాన్నే కాయితం మీద ఒక్క లైను రాయి. ఈ బండి ఎన్నడూ నీళ్లల్ల మునగలేదు అని. రాసి సంతకం పెట్టు, తీసుకపోతం."

జేబుల పెన్ను ఉంది. సాయికిరణ్ దాని మీద చెయ్యి వేసిండు, తీయలేదు. అట్ల రాసే పద్ధతి లేదన్నడు. ఎందుకు లేదో అడిగింది. పాత ఓనరు సంగతి తనకేం తెలుసన్నడు. ఇప్పుడే కదా రైతు అన్నవ్, అన్నది. అప్పుడాయన ఆమెను విడిచిపెట్టి రాందాస్ దిక్కు తిరిగిండు.

"పెద్దాయనా, దేవుని ముందు కాయ కొట్టినవ్. నీ కోడలు మాటకు వెనక్కి పోతవా? మీ తండాలల్ల గట్ల పోరు గదా."

దెబ్బ తగలాల్సిన చోటనే తగిలింది. కోటేష్ తల దించుకున్నడు. మామ అవునంటే ఇంక ఎవ్వరూ కాదనలేరు. ఆ బండే ఇంటికొస్తది, ఆ బండే వానల అడివిల ఆగుతది, ఒళ్లో బిడ్డ కండ్లు తేలేస్తది. ఆమె బిడ్డ చెవిల మళ్లీ చెప్పింది.

"తాతను అడుగు బిడ్డా, కాయ ఎవరి కోసం కొట్టిండో."

రాందాస్ కారు ముందటికి పోయిండు. వంగి రెండు చెక్కలు ఏరుకున్నడు, దులిపి తువ్వాలల కట్టుకున్నడు.

"కాయ నా మనుమరాలు పైలంగ ఉండాలని దేవునికి కొట్టిన," అన్నడు తెలుగుల, సాయికిరణ్‌కు తెలిసేటట్టు. "నీకు కొట్టలే."

బండి కొనకుండనే తిరుగు బస్సు ఎక్కిన్రు. ఇంటికాడ అత్త మంగమ్మ మాత్రం రెండు దినాలు ఊకోలేదు. కాయ కొట్టి ఉత్త చేతులతోని వచ్చినోళ్లను పుట్టి బుద్ధెరిగినంక చూడలేదని గిన్నెలకు చెప్పింది, బర్రెలకు చెప్పింది. సంగీతకూ లోపల అనుమానం పీకింది. అది ఉత్త పొలం మట్టేనేమో. తన భయమే తనతోని గట్ల చేయించిందేమో. భయపడే తల్లికి గోడ మీద బల్లి కూడా పాము లెక్కనే కనపడతది. ఆ అనుమానం తీరక, రోజూ వంట పొయ్యి కాడ ఫోన్ల పాత బండ్ల గురించి వెతికింది. మునిగిన బండికి వైర్లు లోలోపల తుప్పు పట్టి ఎన్ని నెలలకైనా మోసం చేస్తయని, గుర్తుపట్టాలంటే మొదట బెల్టు గుంజి చూడాలని ఒక మెకానిక్ వీడియోల చెప్పిండు. సంగీత ఆ వీడియోను మంగమ్మకు మూడుసార్లు చూపించింది. మూడోసారికి మంగమ్మ బర్రెలతోని మాట్లాడుడు బందు పెట్టింది.

రెండు నెలలకు కొత్తగూడెం పోయిన్రు. కార్లు చేసే కంపెనీయే పాత బండ్లను పరీక్ష చేసి అమ్మే షోరూమ్ అది. అక్కడి బండి చిన్నది, ఏడేండ్ల కిందిది, పైగా ఖమ్మం బండి కన్న ధర ఎక్కువ. కోటేష్‌కు నచ్చలేదు. డంపర్ నడిపేటోడు దీంట్ల కాళ్లెక్కడ పెట్టాలన్నడు. అక్కడ పనిచేసే పద్మప్రియ అనే అమ్మాయి ముందుగా కాయితాల కట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. ఏ భాగం చూసిన్రు, ఏది మార్చిన్రు, ఇదివరకు సర్వీసు ఎక్కడ అయింది, అన్నీ వరుసగ ఉన్నయి. సంగీత ఫోన్ తీసేలోపే తెలుగు కాయితం కూడా ఇచ్చింది. నీళ్లల్ల మునగలేదన్న లైను అందుల అచ్చయ్యే ఉంది, కింద పరీక్ష చేసినాయన సంతకం ఉంది. అయినా సంగీత నాలుగు బెల్టులూ గుంజింది. పద్మప్రియ నవ్వలేదు. నాలుగోది ఇరుకుంటే వచ్చి సాయం గుంజింది.

సంగీత మనసుకు పట్టింది మాత్రం ఇంకొకటి. ఆ అమ్మాయి వారంటీల వచ్చేవాటి కన్న ముందు రానివి చెప్పింది. టైర్లు రావు, బ్యాటరీ రాదు, బ్రేకులు అరిగితే రావు, సర్వీసు మానేస్తే ఏదీ రాదు. వచ్చేవి వేరే కాయితం మీద చూపించింది. దారిల ఆగితే చెయ్యాల్సిన నంబరు చూపించింది. ఏది రాదో ముందే చెప్పినామె, వస్తదన్నది తప్పకుండ ఇస్తదనిపించింది సంగీతకు. రెండు గంటలు చదివింది. రాందాస్ అంతసేపూ కొబ్బరికాయ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకొని, కదలకుండ, కోడలు ఆఖరి పుట తిప్పేదాకా కూసున్నడు.

బండి ఇంటికొచ్చిన నలభై దినాలకు లిఖితకు జరం వచ్చింది. మధ్యాన్నం ఒళ్లు కాలుడు మొదలైంది. ఫిట్స్ రాకముందే బయలుదేరిన్రు. అడివి దాటిన్రు, అశ్వాపురం దాటిన్రు, గోదారి వంతెన దాటిన్రు. భద్రాచలం దవాఖానాల డాక్టరు మందు ఎక్కిచ్చి, జల్దీ తెచ్చిన్రు కాబట్టి సరిపోయిందన్నడు. సంగీత బయటికొచ్చి కారు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. వెచ్చగ ఉంది.

తెల్లారి ఇంటికి వస్తుంటే, అశ్వాపురం దాటినంక, ఆ బండి ఆగింది.

మొదట స్టీరింగు వెనక మీటర్ల దీపాలు గుడ్డివైనయి, తర్వాత ఇంజన్ దగ్గి ఊకుంది. కోటేష్ స్టీరింగు మీద తల పెట్టి, పాతది పాతదే, కాయితాలు చూసి మురిసినం అన్నడు. సంగీత ఫోన్ తీసింది. సిగ్నల్ ఒక్క గీత ఉంది. నంబరు కొట్టింది. అవతల ఎత్తిన్రు. బండి నంబరు అడిగిన్రు, ఎట్ల ఆగిందో అడిగిన్రు, ఎక్కడ ఉన్నరో అడిగిన్రు, ఒళ్లో బిడ్డ ఉందంటే రోడ్డు పక్కన నీడకు పొమ్మన్నరు. గంటన్నర పడుతదన్నరు. గంటా ఇరవై నిమిషాలకు మెకానిక్ బాలకృష్ణ వ్యాను దిగిండు.

ఆయన బానెట్ ఎత్తి తడుముతున్నంత సేపూ సంగీత పక్కనే నిలబడి ఆయన చేతులనే చూసింది. ఏం చెప్తడో. ఇది రాదు అంటడా. బ్యాటరీ అంటే రాదు, పద్మప్రియ ముందే చెప్పింది. బాలకృష్ణ తీగలు పెట్టి చూసి, బ్యాటరీ మంచిగనే ఉందన్నడు. దానికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయిందన్నడు. వ్యానుల నుంచి కొత్తది తీసి బిగిచ్చి, పుస్తకంల రాసుకొని, సంతకం పెట్టమని కోటేష్‌కు పెన్ను ఇచ్చిండు.

కోటేష్ పైసలెంతని అడిగిండు. వారంటీల ఉందని, ఏం వద్దని చెప్పి బాలకృష్ణ సామాను సర్దుకున్నడు. కోటేష్ పెండ్లాం దిక్కు చూసి సంతకం పెట్టిండు.

సంగీత మాత్రం అప్పటికే వ్యాను వెనకకు పోయింది. తీసేసిన ముక్క గోనెపట్టా మీద ఉంది.

"అన్నా, ఒక్కసారి దీన్ని విప్పి చూపియ్యవా? లోపల ఏం కాలిందో చూస్త."

బాలకృష్ణ టైం చూసుకున్నడు, ఆమెను చూసిండు, స్క్రూ తిప్పేది అందుకొని గోనెపట్టా మీద కూసున్నడు. సంగీత బిడ్డను తొడ మీదికి మార్చుకొని ఎదురుగ చతికిలబడ్డది.