ఏడో చీలిక

ఫొటో బయటికి పొక్కింది బుధవారం ఉదయం. నేను ఆఫీసుకు చేరేసరికి అందరూ ఎవరి ఫోన్‌లో వాళ్లు తలదూర్చి దాన్నే చూస్తున్నారు. ఒకరి ముఖంలోకి ఒకరు మాత్రం చూసుకోవడం లేదు.

ఫొటోలో ఉన్నది మేము పద్నాలుగు నెలలుగా రూపం దిద్దుతున్న గేమ్ కన్సోల్. లోపల యంత్రం లేని ఉత్త నమూనా. పొగమంచు రంగు పెట్టె, గుండ్రటి మూలలు, ముందువైపు ఎడమ నుంచి కుడికి సన్నబడుతూ పోయే పదమూడు చీలికలు. ఆ చీలికలు నా ఆలోచన. లోపలి వేడి పోవడానికి ఎలాగూ దారి కావాలి, దాన్ని వెనకాల దాచడమెందుకు, ముఖానికే అందం చేద్దామన్నాను. మా డిజైన్ విభాగానికి పెద్ద, మేమంతా మేడమ్ అని పిలిచే ఆవిడ, నా బొమ్మ చూసి, "ఆపేసినప్పుడు నిద్రపోతున్నట్టుంది. వేస్తే ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. ఇదే ఉంచండి" అంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లలో నేనే మొదలు. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లి మా అమ్మకు నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి మా అమ్మే నాకు చెప్పింది.

నమూనాలు మొత్తం నాలుగు. చేసింది మా వర్క్‌షాపు పెద్దాయన. ముప్పై ఏళ్లుగా చెక్క, రెసిన్ అరగదీస్తున్నాడు గనక అందరూ ఆయన్ని ఆకురాయి అంటారు. ఎదురుపడితే ఆకురాయి గారు. ఒక నమూనా ఆయన దగ్గరే ఉండిపోయింది. మిగతా మూడూ నాకూ, రంగులు ఎంపిక చేసే అక్కకూ, ఇంజినీరుకూ ఇస్తూ, "ఇళ్లకు తీసుకెళ్లండి. టీవీ కింద పెట్టి దాంతో నాలుగు రోజులు కాపురం చేయండి. ఆఫీసు బల్ల మీద బాగున్న వస్తువు ఇంట్లో వెర్రిమొహం వేసుకుని కూర్చోవచ్చు" అంది మేడమ్. బయటివాళ్లకు చూపించబోమని మా చేత సంతకాలు కూడా చేయించింది.

ఇప్పుడు ఈ నలుగురిలో ఒకరు దొంగ.

పదింటికి రంగులక్క నా కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఏమ్మా, నీదేనా?"

"నాదెందుకవుతుందక్కా?"

"అబ్బే, ఊరికే అడిగా. అంత ఉలుకెందుకు? మొన్న ఇంజినీరు తన బావమరిదికి గేముల పిచ్చి అన్నాడు కదా, అదీ ఆలోచించాలి మరి."

అక్కడి నుంచి నేరుగా ఇంజినీరు దగ్గరికి వెళ్లి, అదే గొంతుతో, అంతే వంగి మాట్లాడింది. ఇంజినీరు తలెత్తి నా వైపు చూశాడు.

నా అనుమానం మాత్రం ఆకురాయి మీద. దానికి రెండు కారణాలు. నా నమూనాలో ఏడో చీలిక కింది అంచు కాస్త చితికి ఉంది, గోటితో తడిమితే తగిలేంత. ఆయన పనిలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. మనసు ఇంకెక్కడో పెట్టుకుని చేశాడన్నమాట. రెండోది, వారం కిందట వర్క్‌షాపు తలుపు సందులోంచి చూశాను. ట్యూబ్‌లైటు కింద నమూనాను పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టగానే ఫోన్ జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఒక సంగతి చెప్తాను, కడుపులో పెట్టుకో. నమూనాలు మీ చేతికిచ్చే ముందు నేనే వాటికి గుర్తులు పెట్టాను. గోళ్లు అరగదీసుకునే రేకుతో, కనీ కనపడకుండా. అక్కదానికి మూడో చీలిక. ఇంజినీరుదానికి పదకొండు. నీదానికి ఏడు."

"అది మీరా మేడమ్? పనిలో లోపం అనుకున్నాను."

"వర్క్‌షాపులో ఉన్నదానికి మాత్రం ఏమీ చేయలేదు." బయటికి పొక్కిన ఫొటోను తెర మీద పెద్దది చేసి చూపించింది. పదమూడు చీలికలూ అద్దంలా ఉన్నాయి. "నువ్వే చెప్పు. గుర్తు లేనిది ఎవరి దగ్గరుంది?"

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. నా రెండు కారణాల్లో ఒకటి అప్పుడే కూలిపోయింది, అయినా నేను పట్టించుకోలేదు. రెండోది చెప్పేశాను. ట్యూబ్‌లైటు, ఫోన్, జేబు, అన్నీ.

"రేపు పొద్దున్నకల్లా రాసి, సంతకం పెట్టి ఇవ్వు" అంది మేడమ్. "అంతవరకూ ఆయన ఇంట్లోనే ఉంటాడు. కాగితం చేతికొచ్చాక ఇక రానక్కర్లేదు."

చూడకుండా రాసే అలవాటు నాకు లేదు. బీరువా తెరిచి, సోమవారం నేను తిరిగి తెచ్చిపెట్టిన నమూనాను గుడ్డసంచిలోంచి తీశాను. అయిదు, ఆరు, ఏడు. గోరు జారిపోయింది. ఎడమ నుంచి మళ్లీ లెక్కపెట్టాను. కుడి నుంచి లెక్కపెట్టాను. చితికిన చోటు ఎక్కడా లేదు.

ఆకురాయి మార్చేశాడు! తన దగ్గరున్నది నా సంచిలో పెట్టి, నాది తీసుకున్నాడు. రేపు ఎవరైనా వెతికితే గుర్తు లేనిది నా పేరు మీద దొరుకుతుంది. అడుగున నా నంబరు చీటీ ఉంది. ఆ చీటీ కూడా పీకి అంటించి ఉంటాడనుకున్నాను. ముప్పై ఏళ్ల పనితనం, ఆయనకదో పనా!

చీటీ అంచు లేచిందేమో చూద్దామని పెట్టెను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాను. వాసన వచ్చింది. లప్పం మీద పలచగా కొట్టిన రంగు, దాని వెనకే థిన్నర్. మా ఇంట్లో బట్టలారేసే తీగ నిండా ఆ వాసనే. మా నాన్న కార్ల షెడ్డులో సొట్టలు తీసి రంగు వేస్తాడు.

నేను ఇల్లు చేరేసరికి ఆయన చేతులకు కిరోసిన్ రాసుకుని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, ఆ పెట్టె ముట్టుకున్నావా?"

"నీ పెట్టేనా?" ముఖం విప్పారింది. "కనిపెట్టేశావా? ఎక్కడ చేశానో వేలు పెట్టి చూపించు చూద్దాం."

"నాన్నా!"

"ఆదివారం అన్నం దగ్గర నువ్వే కదమ్మా సణిగావు, ఏడోది చితికింది, మేడమ్ చూస్తే నన్నే అంటుంది అని. తిని పడుకున్నావు. చిటికెడు లప్పం, రెండు రకాల గరుకు కాగితం, ఒక చేయి రంగు. గంట పని."

"ఆ రంగు ఎంచడానికి మా ఆఫీసులో రంగులక్కకు మూడు వారాలు పట్టింది."

"కార్లకు వేసే బూడిదరంగులో నలుసంత నీలం పడింది, అంతే కదా. ఆ అక్కను ఓసారి మా షెడ్డుకు రమ్మను."

"చాల్లే గొప్ప" అంది అమ్మ లోపలి నుంచి. "దానికి చక్రాలు బిగించలేదు, సంతోషించు."

నాకు నవ్వు రాలేదు. "ఫొటో తీశావా?"

"తీయనూ? పని ముగిశాక ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. పెట్టకపోతే మా మేస్త్రీ పని అయినట్టే ఒప్పుకోడు. చెయ్యి దానంతటదే పెట్టేసింది. మా అమ్మాయి పెట్టె అని కూడా రాశానే!"

ఫోన్ లాక్కుని చూశాను. సొట్ట తీసిన తలుపు, బంపరు, నా కన్సోల్, మళ్లీ బంపరు. ఊరంతా చూసిన ఫొటో అదే. అంచున ఉన్న మా గళ్ల దుప్పటిని ఎవరో కత్తిరించారు, అంతే తేడా. గ్రూపులో నలభై ఒక్క మంది ఉన్నారు. వాళ్లలో ఎవరు బయటికి పంపారో ఏ గుర్తూ చెప్పదు.

నాన్న నా ముఖం చూశాడు. "తప్పయిందా తల్లీ? నీ ఉద్యోగానికేమైనా..."

నేను గ్రూపులోని పేర్లు కిందికి జరుపుతూ పోయాను.

"ఇప్పుడే తీసేస్తాను. నువ్వు ఎవరికీ చెప్పకు. మనకెందుకొచ్చింది."

"నేను చెప్పకపోతే ఇంకొకాయన ఉద్యోగం పోతుంది నాన్నా."

"చేతిపని చేసే మనిషా?"

"నీలాగే."

ఆయన చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

గురువారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి, బీరువాలోంచి నా నమూనా తీసుకుని వర్క్‌షాపులోకి నడిచాను. వర్క్‌షాపులో బల్ల మీద ఆకురాళ్లు పొడవు వారీగా పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే సన్నది తీసుకున్నాను. ఏడో చీలిక కింది అంచు మీద ఒక్క గీత చాలు. నా గుర్తు నాకు వచ్చేస్తుంది. కాగితం మీద సంతకం పెడతాను. మా ఇల్లు ఎప్పటిలా సాగుతుంది. ఆకురాయిని అంచు మీద ఆనించాను కూడా. నాన్న పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసుకుందామని గోటితో తడిమాను. దొరకలేదు. దాన్ని చెడగొట్టడానికి చెయ్యి రాలేదు.

నమూనా, నాన్న దగ్గర తీసుకున్న ఫోన్, రెండూ మేడమ్ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ ఏడో చీలికను రెండుసార్లు తడిమింది.

"ఇలా చెప్పమని ఆకురాయి నీకు నేర్పాడా?"

"లేదు మేడమ్."

"మీ నాన్న ఇంత పనివాడని ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

గళ్ల దుప్పటి ఉన్న ఫొటో చూశాక గాని నమ్మలేదు. నమ్మాక నమూనాను తన వైపు లాక్కుంది. "ఈ పెట్టె పని నుంచి నిన్ను తప్పిస్తున్నాను. రేపటి నుంచి అట్టపెట్టెల విభాగంలో కూర్చో. అసలు ఉంచుతారా లేదా అన్నది పైవాళ్లు తేలుస్తారు. ఆకురాయికి నేనే ఫోన్ చేస్తాను."

శుక్రవారం ఆకురాయి వచ్చాడు. నేను నా సామాను సర్దుకుంటుంటే వర్క్‌షాపు తలుపు దగ్గర నిలబడి, "ఓసారి ఇటు రామ్మా" అన్నాడు.

నా నమూనాను ట్యూబ్‌లైటు కింద పెట్టాడు. కొద్దిగా పక్కకు తిప్పాడు. జేబులోంచి ఫోన్ తీసి ఫొటో తీశాడు. ఆ రోజు తలుపు సందులోంచి నేను చూసింది అచ్చం ఇదే.

"కంటికి ఆనని ఎత్తుపల్లాలు ఫొటోలో పట్టుబడతాయి" అన్నాడు, తెర నా వైపు తిప్పి. "ఈ లైటు గీత చూడు. ఎక్కడైనా వంగిందా? ఏడో దాని కింద కూడా వంగలేదు. మీ నాన్నది మంచి చెయ్యి."

"అవునండి."

"నేను ఫొటోలు తీస్తున్నానని మేడమ్‌కు చెప్పింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆ రోజు లోపలికి వచ్చావు కదమ్మా. అడిగితే చూపించేవాణ్ణి."

నేను నేల చూశాను. రెసిన్ పొడి నా చెప్పుల అంచులకు అంటుకుని ఉంది.

ఆయన ఫోన్‌ను ఇంకాస్త దగ్గరగా, నాకు బాగా కనపడేలా పట్టుకున్నాడు. ఆ ఫొటోను నా కళ్లముందే తీసేశాడు. తీసేసిన ఫొటోలు చేరే చోటు కూడా తెరిచి, అక్కడా తీసేసి, ఖాళీ తెరను నాకు చూపించాడు.

చూపించమని నేను అడగలేదు.